బంతియాట జట్టుపై బూటకపు సంభాషణలు

నవ్వు నాలుగు విధముల చేటని మన పెద్దలు పిల్లలను కసరుదురు. ఆ పెద్దలే భోజనానంతరము అరుగుమీద కూర్చుండి, ఊరిపెద్ద నడకను, పొరుగింటి వియ్యపురాలి సన్నాయినొక్కులను అనుకరించి ఇల్లంతయు నవ్వింతురు. ఇందు కపటమేమియు లేదు. నవ్వు చేటును తేగలదు, చేటును పోగొట్టనుగలదు అను రెండు సంగతులును మనవారెరిగినవే. ఏ నవ్వు ఎట్టిదో తేల్చుటయే కష్టము. ఆ కష్టము ఇటీవల నాకు నా పూర్వవిద్యార్థి యొకనివలనను, అంతకంటె హెచ్చుగా నా సొంత తప్పువలనను సంప్రాప్తమైనది. అందువలననే ఈ వ్యాసము.

విషయము వినగనే కొందరు చదువరులు పెదవి విరుతురేమో. ఇంగ్లండుదేశపు ఫుట్‌బాల్ జట్టొకదానిని గూర్చి కుర్రవాండ్రు కల్పించు బూటకపు సంభాషణలు నా విమర్శకు వస్తువు. ‘ఇదియు సాహిత్యమేనా?’ అని అడుగువారికి నా మనవి యొక్కటే. మన బిడ్డలు దినమునకు పదిమారులు చదువుచున్నదానిని, తాము వ్రాయుచున్నదానిని, చూచి నవ్వుచున్నదానిని సాహిత్యము కాదని మనము కన్నులు మూసికొన్నచో, దాని గుణదోషములను వారికి చెప్పువారెవరు?

ముందుగా వస్తుస్వరూపమును తెలిసికొందము. చేతిఫోనులలో ఒకరికొకరు చాటుగా వ్రాసికొను మాటలను డైరెక్టు మెసేజి లందురు. పిల్లల భాషలో డీఎంలు. మూసిన ఉత్తరములవలె ఇవియు పరులు చదువుటకు కావు. అట్టి చాటుమాటల తెరను అచ్చముగా పోలిన బొమ్మను కల్పించి, అందు జట్టు మేనేజరును, కెప్టెనును, గోల్‌కీపరును, యజమానియు మాటలాడికొన్నట్లు వ్రాసి లోకము మీదికి వదలుట ఈ వినోదము. ఇందులకు వేరుగా పనిముట్లు కలవు. పేర్లను, మాటలను నింపిన చాలును. ఎడమవైపున ఒకని మాటలు, కుడివైపున వేరొకని మాటలు, ప్రక్కన గంటలు నిమిషములు, చదివినట్లు తెలుపు నీలిరంగు టిక్కులు, అన్నియు అమరిన తెర క్షణములో సిద్ధమగును.

నా విద్యార్థి యెన్నుకొన్నది మాంచెస్టరు యునైటెడు జట్టు. 1878లో రైల్వే పనివారు న్యూటన్ హీత్ అను పేర స్థాపించిన ఈ క్లబ్బు 1902లో ఇప్పటి పేరు దాల్చినది. 1986 మొదలు 2013 వరకు మేనేజరుగా నుండిన అలెక్స్ ఫెర్గూసన్ దానికి 13 మారులు లీగు విజయమును సంపాదించిపెట్టెను. ఆయన విరమించిన పిదప వచ్చిన డేవిడ్ మోయెస్‌ను ‘ఎన్నుకోబడినవాడు’ అని పెద్ద గుడ్డపై వ్రాసి మైదానమున వ్రేలాడగట్టి అభిమానులు స్తుతించిరి. ఆరేండ్ల ఒడంబడికతో వచ్చిన ఆయన పది నెలలైనను నిండీ నిండకమునుపే, 2014 ఏప్రిలులో, ఉద్యోగమును కోల్పోయెను. ఆ ఏడు మార్చిలోనే ఆయనను తొలగింపుడని వ్రాసిన పతాకమును విమానమునకు గట్టి మైదానముపై త్రిప్పినవారును అభిమానులే. తరువాత మేనేజరులు మారిరి, కోట్లు ఖర్చయినవి. 2024-25 సంవత్సరమున ఇరువది జట్ల లీగులో ఈ మహాజట్టు పదునైదవ స్థానమున నిలిచినది. ఇంత ఉన్నతియు, ఇంత పతనమును, ఇంత ఆర్భాటమును ఒక్కచో గూడినపుడు ప్రహసనకారునికి వేరు వస్తువు వెదకికొనవలసిన పనియేమి?

మన తెలుగు ఊళ్ళలో సైతము శనివారపు రాత్రులు నిద్ర మాని ఈ జట్టు ఆటను చూచు యువకులున్నారు. నా విద్యార్థి వారిలో నొకడు. ఇది విమర్శకుడు మరువరాని సంగతి. అతడు ఈ జట్టును ద్వేషించి పరిహసించుట లేదు, ప్రేమించి పరిహసించుచున్నాడు. ఓడిన రాత్రి అతని ఇంట అన్నము సహింపదు. మరునాటి ఉదయము ఒక బూటకపు సంభాషణ వ్రాసికొని ఊరట చెందును. తన ఇంటి పెద్ద చేసిన తెలివితక్కువ పనిని తానే నవ్వుచు చెప్పికొను కుమారుని నవ్వు వంటిది ఆ నవ్వు.

ఈ రూపము నిన్న మొన్న పుట్టినదిగా కనబడును గాని దీని వంశము పాతది. మన సంస్కృత రూపకములలో భాణమను నొక భేదము కలదు. అందు పాత్ర యొక్కడే. అతడు వీధివెంట నడచుచు, కనబడని వారితో మాటలాడుచు, వారి మాటలు మనకు వినబడకున్నను ‘ఏమనుచున్నావు?’ అని యడిగి, ఆ యుత్తరమును తానే మరల పలుకును. దీనిని ఆకాశభాషితమందురు. ఒకడే కూర్చుండి ఇరువురి మాటలను కల్పించు నేటి పిల్లవాడు చేయుచున్నది ఇదియే. ప్రహసనమన్ననో, ఏడవ శతాబ్దమున పల్లవరాజు మహేంద్రవర్మ రచించిన మత్తవిలాసమున త్రాగుబోతు కాపాలికుడు తన కపాలపాత్ర పోయినదని బౌద్ధభిక్షువుతో కలహించును. తుదకు చూడగా దానిని కొనిపోయినది కుక్క. రాజు సింహాసనముపై నుండి ఇట్టి రచన చేయుటకు సిగ్గుపడలేదు. మనకు సమీపకాలమున వీరేశలింగము పంతులుగారు 1874లో స్థాపించిన వివేకవర్ధినిలో ప్రహసనములను ప్రకటించి దురాచారములపై నవ్వును ప్రయోగించిరి. తన కాలపు కవుల రీతులను అనుకరించి జలసూత్రము రుక్మిణీనాథశాస్త్రిగారు పేరడీ అను మాటనే తెలుగుమాటగా చేసిరి. కావున అనుకరణహాస్యము నీచమని తలచుట మన సంప్రదాయమును మనము ఎరుగకపోవుటయే.

పరులపేర ఉత్తరములు పుట్టించి పరిహసించుట పడమటి దేశములలోను పాత విద్యయే. 1515లోను 1517లోను జర్మనీలో అజ్ఞాతపురుషుల లేఖలు అను పేర లాటిను ఉత్తరములు వెలువడినవి. యూదుల గ్రంథములను తగులబెట్టవలెనన్నవారిని ఎదిరించిన రాయ్‌ష్లిన్ పండితుని పక్షమువారు, ప్రతిపక్షపు మతపండితులే ఒకరికొకరు వ్రాసికొన్నట్లు ఆ లేఖలను కల్పించిరి. తప్పుల లాటిను, అల్పవిషయములపై ఘోరమైన తర్కము, వినయమను పేర మూర్ఖత్వము. ఆ పక్షమువారిలోనే కొందరు వీనిని నిజమైన లేఖలనుకొని సంతసించిరని ప్రసిద్ధి. ఈ కడపటి సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొన గోరెదను. దాని అవసరము ముందు కలుగును.

ఇక నా విద్యార్థి రచనలలో మేలైనవానిని పరిశీలింతము. 2014 ఫిబ్రవరిలో మాంచెస్టరు యునైటెడు తన మైదానమున, లీగులో అట్టడుగున నున్న ఫుల్‌హామ్ జట్టుతో ఆడి 2-2గా ముగించినది. ఆ యొక్క ఆటలో ప్రక్కలనుండి బంతిని పైకెత్తి గోలు ముందునకు కొట్టుట ఎనుబది మారులకు మించి జరిగినది. దీనిపై అతని సంభాషణ యిది. పాత్రలకు పేర్లు లేవు, ఉద్యోగములే.

మేనేజరు: రేపటి ఆటకి మూడు ఉపాయాలు. ఒకటి, కుడిపక్కనుంచి బంతి ఎత్తి కొట్టండి.
కెప్టెను: రెండోది?
మేనేజరు: ఎడంపక్కనుంచి ఎత్తి కొట్టండి.
గోల్‌కీపరు: మరి మూడోది సార్?

ఇచ్చట నలువది నిమిషములు గడచినట్లు గంటలు చూపబడినవి. పిమ్మట:

మేనేజరు: మైదానానికి మూడోపక్క ఉందా?

ఇందలి కౌశలమును చూడుడు. హాస్యము మాటలలో సగమే యున్నది. మిగిలిన సగము ఆ నలువది నిమిషముల మౌనములో నున్నది. రంగస్థలమున నటుడు ఆగి చూపవలసిన దానిని ఇచ్చట గడియారపు అంకె చూపుచున్నది. చదివినట్లు టిక్కులు పడియు బదులు రాకపోవుట, ఒకడు గుంపును విడిచి వెళ్ళినట్లు ఒక్క పంక్తి కనబడుట, వ్రాసిన మాటను చెరిపివేసినట్లు గుర్తు మిగులుట, ఇవన్నియు ఈ రూపమునకు సహజమైన అలంకారములు. మంచి రచయిత వీనిని వాడుకొనును. చెడ్డ రచయిత తిట్లను వాడుకొనును.

రెండవ ఉదాహరణము. ఈ క్లబ్బును 2005లో అమెరికాదేశపు గ్లేజరు కుటుంబము కొన్నది. కొనుటకు చేసిన అప్పులో పెద్ద భాగమును క్లబ్బు నెత్తిననే మోపినది. 2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ అను ధనవంతుడు నాలుగవవంతునకు కొంచెము మించిన భాగమును కొని ఆటవ్యవహారములను చేపట్టెను. ఆ యేడే సుమారు 250 ఉద్యోగములు తీసివేయబడినవి. 2025లో మరికొన్ని తీయుదుమనిరి. ఓల్డు ట్రాఫర్డులోని సిబ్బందికి ఉచితభోజనము మాన్పి, పండ్లుమాత్రము ఉచితమనిరి. అంతకు కొలది నెలల ముందు టిక్కెట్టు వెల 66 పౌనులనియు, పిల్లలకు వృద్ధులకు తగ్గింపు లేదనియు నిర్ణయించి అభిమానుల ఆగ్రహమునకు గురియైరి. దీనిపై మా పిల్లవాడు వ్రాసినది:

యజమాని: రేపట్నుంచి భోజనం లేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క బత్తాయి.
గోల్‌కీపరు: నాకు వద్దండి. గుండ్రంగా ఏదిచ్చినా చేతిలో నిలవడం లేదు.

ఒక్క పంక్తితో ఇరువురికి దెబ్బ తగిలినది. యజమాని లోభము, గోల్‌కీపరు చేతివాటు రెండును బయటపడినవి. అయినను గోల్‌కీపరుపై మనకు జాలియే కలుగును. తన లోపమును తానే యొప్పుకొన్నాడు గదా. కోపము పోయి చేరవలసిన చోటికే చేరినది. ఇట్టి న్యాయమైన పంపకము అప్రయత్నముగా సాధించిన పిల్లవానిని నేను మెచ్చుకొంటిని. ఇప్పటికిని మెచ్చుకొనుచున్నాను.

ఈ సందర్భమున ఇంగ్లండువారి ప్రైవేట్ ఐ అను వ్యంగ్యపత్రికను స్మరింపవలెను. 1961లో పుట్టిన ఆ పత్రిక నీస్‌డెన్ అను కల్పితపు ఫుట్‌బాల్ జట్టును సృష్టించినది. దాని మేనేజరు రాన్ నీ ముఖము ఎల్లప్పుడు బూడిదవలె పాలిపోయియుండును. గోల్‌కీపరుకు ఒక్కటే కాలు. అభిమానులు సిడ్, డోరిస్ బాంకర్స్ అను ఇరువురే. ఓటమి తప్ప వేరెరుగని ఈ జట్టు వార్తలను ఆడంబరపు క్రీడావిలేకరుల శైలిలో వ్రాయుచు, ఆ శైలినే నవ్వులపాలు చేసిరి. ఆ పత్రికయే 1979 మొదలు ప్రధానమంత్రిణి మార్గరెట్ థాచరు భర్త తన మిత్రునికి వ్రాసినట్లు కల్పించిన ప్రియమైన బిల్ అను లేఖలను ఏండ్ల తరబడి ప్రకటించినది. మొదటిదానిలో మనుష్యులు కల్పితులు. రెండవదానిలో మనిషి నిజము, మాటలు కల్పితము. రెండును న్యాయమైన హాస్యమే, ఏలన చదువువాడు పరిహాసపత్రికను చేతబట్టుకొని, పరిహాసమని యెరిగియే చదువుచున్నాడు. అట్టయే ఇంటికి సూత్రధారుడు కాపలా యున్నాడు.

సూత్రధారుడను మాట వచ్చినది గనుక నా తప్పును ఇప్పుడు చెప్పెదను.

మా పిల్లవాని రచనలలో నొకటి మిగిలినవానివంటిది కాదు. అందు ఆ జట్టులో చేరిన ఒక నల్లజాతి యువ ఆటగాడు తన ఏజంటుతో మాటలాడుచున్నాడు. ‘ఈ క్లబ్బుకోసం పరుగెత్తే ఓపిక నాకు లేదు, నెల జీతం పడితే చాలు’ అని అతని మాటల సారాంశము. పైన, ‘ఇది పేరడీ’ అను మాటయు, రచయిత పేరును ఉన్నవి. నేను దానిని చూచి నవ్వితిని. ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్న మా పినతల్లి కుమారునికి పంపదలచితిని. బొమ్మ తెరకు మించి పొడుగుగా నున్నదని పైభాగమును కత్తిరించితిని. ఉపాధ్యాయుడనై, నలుబదియేండ్లు దాటినవాడనై, పుస్తకమునకు ముఖపత్రమును చించివేసి పొరుగువానికి ఇచ్చినట్లు చేసితిని.

మూడవదినమున అదే బొమ్మ వేరొక బంధువుల గుంపునుండి నాకే తిరిగివచ్చినది. దానిక్రింద ‘వీడి పొగరు చూడండి’ అని ఒకరు, అతని పుట్టుకను, మేనిరంగును ఎత్తి నేనిచ్చట వ్రాయజాలని మాట మరియొకరు జతచేసియుండిరి. ఎవరును నవ్వుట లేదు. అందరును నమ్ముచున్నారు. నేను పిల్లవానిని పిలిచి చూపితిని. అతడు కొంతసేపు పలుకక, ‘మాస్టారూ, పైన నా పేరుండాలి కదండీ, ఏమైంది?’ అని మాత్రమడిగెను. ‘నేనే కోశాను నాయనా’ అంటిని. అతడు నన్ను నిందింపలేదు. నిందించియుండిన బాగుండెడిది.

ఆ రాత్రియే బంధువులందరికి నిజము వ్రాసి క్షమాపణ చెప్పికొంటిని. పదిమంది చదివిరి, ఇద్దరు బదులిచ్చిరి. బొమ్మ మాత్రము ఇంకను ఎచ్చట తిరుగుచున్నదో ఎరుగను. అబద్ధము రైలెక్కి పోయినది, నా క్షమాపణ కాలినడకను దాని వెంటబడినది.

దోషము నాదే యైనను, రచనలో సైతము దోషము లేకపోలేదని ఆలోచించినకొలది తోచినది. మూడవపక్కను వెదకు మేనేజరు సంభాషణను పైభాగము కోసి పంపినను ఎవరు నమ్ముదురు? బత్తాయిపండు సంభాషణను ఎవరు నమ్ముదురు? వానిలో సూత్రధారుడు పంక్తి పంక్తిలోను కూర్చుండియున్నాడు. తల కోసినను చావడు. ఏజంటు సంభాషణలో సూత్రధారుడు తలమీద మాత్రమే యున్నాడు. ఒక్క కోతతో పోయెను. మిగిలినది అచ్చమైన దొంగపత్రము. ఏలన, అందు అసాధ్యమైన మాట ఒక్కటియు లేదు. ప్రతి మాటయు ఎవరో ఎప్పుడో అనదగినట్లే యున్నది. నేను దానిని చూచి నవ్వుటకు కారణము రచన కాదు, రచయితను ఎరిగియుండుట.

కావున నాకు తోచిన సిద్ధాంతమిది: నమ్మించుట దొంగపత్రపు గుణము, నవ్వించుట పేరడీ గుణము. ఈ రూపము చాటుమాటల వేషము ధరించినది గనుక దీనికి నమ్మించు శక్తి పుట్టుకతోనే వచ్చినది. మనుష్యుడు బహిరంగమున చెప్పినదానికంటె చాటున చెప్పినదే నిజమని మనమందరము తలంతుము. తలుపుసందునుండి విన్నదానికి ఉన్న రుచి సభలో విన్నదానికి లేదు. ఆ దొంగరుచిని ఈ రచనలు అప్పు తెచ్చుకొనుచున్నవి. తెచ్చుకొన్న అప్పును అతిశయోక్తితోనే తీర్పవలెను. వేషము ఎంత అచ్చముగా నున్నచో మాట అంత అసంభవముగా నుండవలెను. తెరయు నిజమువలె నుండి మాటయు నిజమువలె నున్నచో అది హాస్యము కాదు, కల్లసాక్ష్యము.

‘పేరడీ అని చెప్పవలసివచ్చిన హాస్యము చచ్చినట్లే గదా?’ అని కొందరు ఆక్షేపింతురు. మన నాటకములలో సూత్రధారుడు ముందుగా వచ్చి, ఇది ఫలానివాని ప్రహసనమని చెప్పి పోవును. అందువలన ఎవరి నవ్వైనను తగ్గినదా? అయితే చెప్పుట మాత్రమే చాలదని ఒప్పుకొందును. పూర్వము ట్విట్టరనబడిన ఎక్స్ అను వేదికవారు 2025లో, పేరడీ ఖాతాలు తమ పేరు మొదటనే ఆ సంగతిని తెలుపు మాటను చేర్చవలెనని నిబంధన చేసిరి. మంచిదే. కాని తలమీది మాటను కోయుటకు నావంటివాడొకడు చాలును.

తలమీద అబద్ధపు గుర్తునే పెట్టికొన్న సంగతియు కలదు. 2022 నవంబరులో అదే వేదికపై డబ్బుచెల్లించినవారికెల్ల నీలిగుర్తు ఇచ్చినపుడు, ఎవరో ఎలై లిల్లీ అను మందుల సంస్థపేర ఖాతా తెరచి, ఇన్సులిను ఇకమీద ఉచితమని ప్రకటించిరి. సంస్థ క్షమాపణ చెప్పికొనవలసివచ్చినది. మందు వెలను గూర్చి జనులకున్న బాధ అందు వెల్లడియైనది, దెబ్బ బలవంతునికే తగిలినది. కావున దానిని మెచ్చినవారు పెక్కురు. కాని ఆ మాటను నమ్మిన మధుమేహరోగి యొక్కడున్నను, వానికి కలిగిన ఆశాభంగము ఎవరి ఖాతాలో వ్రాయవలెను? గురి మంచిదైనంతమాత్రమున నమ్మించుట ధర్మము కాజాలదు.

ఇక గురిని గూర్చి. ఆటలో చేసిన పని నవ్వుటకు తగినది. 2023 మార్చి 5న లివర్‌పూల్ మైదానమున మాంచెస్టరు యునైటెడు 7-0గా ఓడినది. ఆ ఏడు గోళ్ళపై ఏడువందల సంభాషణలు వ్రాసినను తప్పులేదు. కాని ఆ ఆటకు ముందటి దినముననే ఇరు జట్ల మేనేజరులు, టెన్ హాగ్, క్లాప్, కలసి అభిమానులకు విన్నపము చేయవలసివచ్చినది. ఎందులకనగా, 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్ నగరమున మాంచెస్టరు జట్టు ఎక్కిన విమానము కూలి 23 మంది మృతినొందిరి. వారిలో ఎనమండుగురు ఆటగాండ్రు. 1989లో హిల్స్‌బరో మైదానపు త్రొక్కిసలాటవలన లివర్‌పూల్ అభిమానులు 97 మంది ప్రాణములు పోయినవి. ఈ చావులను పాటలుగా పాడి ఒకరినొకరు ఎత్తిపొడుచు దుర్మార్గము ఆ మైదానములలో నున్నది. అదే పగ, అదే జట్లు, అదే దినము. గోళ్ళ లెక్క పరిహాసమునకు పాత్రము. శవముల లెక్క కాదు. హాస్యరసమునకును బీభత్సమునకును నడుమ ఉన్న ఈ గీతను చూడలేనివాడు ఎంత చమత్కారియైనను రచయిత కాడు.

డైరెక్టు మెసేజికి బూటకము కాని బ్రతుకొకటి కలదని కూడ మన పిల్లలకు తెలియవలెను. 2021 జూలై 11న వెంబ్లీ మైదానమున ఇటలీతో జరిగిన యూరోపు పోటీ తుది ఆటలో పెనాల్టీలు తప్పిన ముగ్గురు ఇంగ్లండు యువకులు, రాష్‌ఫర్డ్, శాంచో, సాకా, నల్లజాతివారు. ఆ రాత్రి వారి ఫోనులకు చేరిన జాతిదూషణలు ఎవరి కల్పనయు కావు. రాష్‌ఫర్డు అప్పటికి మాంచెస్టరు యునైటెడులోనే ఆడుచుండెను. అంతకు ముందటి యేడు, 2020లో, బీదపిల్లలకు సెలవులలోను భోజనము పెట్టవలెనని పోరాడి ప్రభుత్వముచేత నిర్ణయము మార్పించినవాడు అతడే. విదింగ్టనులో గోడపై చిత్రించిన అతని బొమ్మను ఎవరో పాడుచేయగా, ఊరివారు, చిన్నపిల్లలు సైతము, ప్రేమతో వ్రాసిన చీటీలతో ఆ గోడను కప్పివేసిరి. నేను తల కోసి పంపిన బొమ్మక్రింద నా బంధువొకరు జతచేసిన మాట ఆ రాత్రి మాటల జాతిదే. సముద్రములు దాటి, తెలుగులో, నా చేతిమీదుగా అది మరల పుట్టినది. ఇది నాకు మరపురాదు.

ఇంత చెప్పి, పిల్లలను ఈ వినోదము మానుడని ఆజ్ఞాపింతునేమో యని చదువరులు తలంపవలదు. మానిపింపలేము, మానిపింపనక్కరయు లేదు. ప్రభువులను, ధనవంతులను, ఆడంబరమును నవ్వుట మరచిన జాతికి తన్ను తాను దిద్దుకొను శక్తి సన్నగిలును. టిక్కెట్టు వెల పెంచి, వంటవాని ఉద్యోగము తీసి, బత్తాయిపండు చేతబెట్టినవానిని పరిహసించు పిల్లవాడు పౌరధర్మమునే అభ్యసించుచున్నాడు. ఆ నవ్వు రేపు మన పురపాలకసంఘముపైకి, మన కళాశాలల యాజమాన్యముపైకి, అవసరమైనచో మా ఉపాధ్యాయులపైకిని మరలవలెనని నేను కోరుదును.

ఇండ్లలోని తల్లిదండ్రులకు నా మనవి. మీ పిల్లవాడు ఇట్టి బొమ్మను చూపినపుడు ఫోను లాగికొనకుడు, చదువుడు. పైన నున్న పేరును వ్రేలితో మూసి మరల చదువుడు. అప్పుడును ఇది పరిహాసమని తెలియుచున్నదా? తెలియుచున్నచో, దెబ్బ ఎవనికి తగులుచున్నదో చూడుడు. అతడు చేసిన పనికి తగిలినదా, పుట్టిన పుట్టుకకు తగిలినదా? ఈ రెండు ప్రశ్నలకు నిలిచినదానిని హాయిగా నవ్వి పదిమందికి పంపుడు. పంపునపుడు ఏమియు కోయకుడు.

మా పిల్లవాడు ఆ ఏజంటు సంభాషణను తానే తీసివేసెను. నేను అడుగలేదు. గడచిన ఆదివారము క్రొత్తది చూపెను. అందు ఒక ఉపాధ్యాయుడు జట్టు మేనేజరుకు ఆటమర్మములను బోధించుచు, పొడుగుగా నున్నదని మైదానమును కత్తెరతో కత్తిరించును. గోలు ఆ కత్తిరించిన ముక్కలో పోవును. తల మూసి చదివితిని, పరిహాసమని తెలిసినది. దెబ్బ ఎవనికి తగిలినదో వేరుగా వెదకనక్కర లేకపోయెను.